మెడ చెక్కాలా, వద్దా?



ఈ పూట కాస్త వింత సంగతి. రైఫిల్ పేల్చాక కింద పడే ఇత్తడి గొట్టం ఉంటుంది చూశారూ, దాని మెడ గురించి మాట్లాడుకుందాం. ఆ మెడను చెక్కాలా, వద్దా? అమెరికాలో తూటాలు ఇంట్లోనే నింపుకునేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న మీద గంటల తరబడి వాదించుకుంటారు. అక్కడ స్థిరపడి, శనివారం పూట రేంజికి వెళ్లి గురి చూసుకునే మన తెలుగువాళ్లు కూడా కొందరు ఈ వాదనలో దిగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. చాలామందికి ఈ పని అక్కర్లేదు. కొద్దిమందికి మాత్రం తప్పదు. మీరు ఏ కోవలోకి వస్తారో మీ రైఫిల్ చాంబరే చెబుతుంది. చాంబర్ అంటే తూటా వెళ్లి కూర్చునే గది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్తాం.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. ఇంకొన్ని మినహాయింపులూ ఉన్నాయి. లాయరును అడక్కుండా అడుగు వేయకండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. మన దేశంలో సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం. కాబట్టి విజయవాడలోనో వరంగల్లులోనో వింటున్నవాళ్లు సరదాగా వినండి, అంతే.

సరే, తూటాలో ఏముంటుంది? నాలుగు వస్తువులు. ఇత్తడి గొట్టం. దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్. లోపల మందు. మూతి దగ్గర బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కగానే ప్రైమర్ పేలుతుంది, మందు మండుతుంది, బుల్లెట్ వెళ్లిపోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టం ఒక్కటే. మందు మండినప్పుడు ఆ గొట్టం ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది, పొగ వెనక్కి రాకుండా ఆపుతుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది. ఇత్తడికున్న ఈ సాగే గుణం వల్లే దాన్ని మళ్లీ వాడుకోగలుగుతున్నాం. డై అనే అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, కొత్త మందు, కొత్త బుల్లెట్ పెడితే మళ్లీ తూటా తయారు. దీన్నే రీలోడింగ్ అంటారు. డబ్బు ఆదా అవుతుందని మొదలుపెడతారు. తర్వాత పనిముట్లు కొంటూ కొంటూ ఆదా సంగతి మరిచిపోతారు. అది వేరే కథ.

ఇప్పుడు మెడ దగ్గరికి వద్దాం. రైఫిల్ గొట్టానికి కింద లావుపాటి ఒళ్లు, పైన భుజం, ఆ పైన సన్నటి మెడ ఉంటాయి. బుల్లెట్‌ను పట్టుకుని నిలబెట్టేది ఆ మెడే. చిక్కంతా ఆ మెడ గోడలోనే ఉంది. ఫ్యాక్టరీలో ఇత్తడి బిళ్లను గిన్నెలా వంచి, పోటు మీద పోటు వేసి పొడుగ్గా సాగదీస్తారు. సాగదీసేటప్పుడు పంచ్ అనే పోటు కడ్డీ ఒక పిసరు పక్కకు జరిగినా గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వస్తుంది. మామూలు రకం ఇత్తడిలో ఈ తేడా అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కూడా ఉంటుంది.

ఎంత చిన్న కొలతో ఊహకు అందడం లేదు కదూ? మన తలవెంట్రుక మందం అంగుళంలో సుమారు మూడు వెయ్యో వంతులు. అంటే ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది వెంట్రుక మందమంత కూడా లేని తేడా. మూడో వంతు వెంట్రుక, మూడింట రెండు వంతుల వెంట్రుక. దాని కోసమే ఈ రాద్ధాంతమంతా.

నెక్ టర్నింగ్ అంటే మందంగా ఉన్న ఆ భాగాన్ని గీకెయ్యడం. మెడ లోపలికి సరిగ్గా పట్టే ఉక్కు కడ్డీ ఒకటి దూరుస్తారు. దాని పేరు మాండ్రెల్. బయట చిన్న కత్తి ఉంటుంది. గొట్టాన్ని చేత్తో గానీ డ్రిల్లుతో గానీ తిప్పితే, మెడ పైపొర సన్నటి ఇత్తడి రజనుగా రాలిపోతుంది. పని అయ్యాక మెడ చుట్టూ గోడ మందం ఒక్కటే. చూడ్డానికి ముచ్చటగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసే చాలామంది ఈ పనికి లొంగిపోతారని నా అనుమానం.

దీని వెనక ఉన్న లెక్క తప్పు కాదు. గోడ ఒకవైపు మందంగా ఉంటే బుల్లెట్ నడిమధ్యన కాకుండా ఓరగా కూర్చోవచ్చు. బ్యారెల్‌లోకి వంకరగా దిగవచ్చు. ఒక్కో మెడ ఒక్కో పట్టు పడితే బుల్లెట్ వేగంలో కూడా తేడాలు రావచ్చు. లెక్క సరైనదే. ఆ తేడా మీ రైఫిల్‌తో, మీ చేతితో, మీ దూరంలో కనిపిస్తుందా అన్నదే ప్రశ్న.

ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే జవాబు సగం దొరుకుతుంది. అమెరికాలో బెంచ్‌రెస్ట్ అనే పోటీ ఉంది. రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులపై ఆనించి, వంద గజాల దూరంలో, లేదా రెండు వందల గజాల దూరంలో, ఐదు గుండ్లు ఒకే రంధ్రంలోంచి పోయేలా కాల్చాలి. అంతే పోటీ. దీనికోసం జాతీయ సంఘం 1951లోనే ఏర్పడింది. 1970ల నడిమికాలంలో లూ పాల్మిసానో అనే డాక్టరు, ఫెర్రిస్ పిండెల్ అనే పనిముట్ల నిపుణుడు కలిసి ఒక కొత్త తూటా రూపొందించారు. దాని పేరు సిక్స్ పీపీసీ. రష్యావాళ్ల పాత తూటా గొట్టం ఒకటి తీసుకుని, భుజం ఆకారం మార్చి, మెడను ఆరు మిల్లీమీటర్ల బుల్లెట్‌కు సరిపోయేలా చేశారు. బెంచ్‌రెస్ట్ బల్లల మీద ఆ తూటాదే రాజ్యం అయిపోయింది.

ఇక్కడ కాస్త చెవి ఒగ్గి వినండి. అసలు కీలకం ఇదే. ఆ పోటీ రైఫిళ్ల చాంబర్‌ను తుపాకీ పనివాడు కావాలనే బిగువుగా కోస్తాడు. మెడ ఉండే చోట ఖాళీ దాదాపు ఉండదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గొట్టం మెడ అందులో పట్టదు. చెక్కితేనే పడుతుంది. అంటే వాళ్లు గురి ఇంకాస్త బాగుపడుతుందేమో చూద్దామని చెక్కడం లేదు. చెక్కకపోతే తూటా లోపలికే పోదు కాబట్టి చెక్కుతున్నారు. మళ్లీ చెబుతున్నాను. బిగువు చాంబర్ వాళ్లకు చెక్కడం తప్పనిసరి. ఆ తప్పనిసరిని మనం దూరం నుంచి చూసి గొప్ప రహస్యం అనుకున్నాం.

హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ల కోసం ఒక ముచ్చట. 1980ల మొదట్లో వాళ్ల ఊళ్లోనే ఒక పెద్ద గోదాములో, రాత్రిపూట, తలుపులు మూసి, కొందరు బెంచ్‌రెస్ట్ షూటర్లు వంద గజాల దూరం కాల్చి చూసుకున్నారు. గాలి లేదు, వాన లేదు, ఎండమావులు లేవు. వాళ్లలో వర్జిల్ కింగ్ అనే ఆయన పేరు బాగా వినపడుతుంది. 1993లో ప్రెసిషన్ షూటింగ్ పత్రిక వాళ్లు ఆ కథంతా అచ్చువేశారు. రీలోడింగ్ చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని వెతుక్కుని మరీ చదువుతారు. గాలి లేని ఆ గోదాములో గుండు మీద గుండు పోయేలా కాల్చారు. అయితే అక్కడికి వచ్చిన రైఫిళ్లలో కొన్ని మాత్రమే ఆ పని చేయగలిగాయి. మందు ఎంత జాగ్రత్తగా నింపినా, మెడ ఎంత చక్కగా ఉన్నా, తుపాకీలో సత్తా లేకపోతే గుండ్లు చెదిరిపోయేవి. చెప్పుకునేవాళ్లు ఈ సగాన్ని ఎందుకో వదిలేస్తుంటారు.

ఇప్పుడు మీ బీరువాలో ఉన్న రైఫిల్ సంగతి చూద్దాం. దుకాణంలో కొన్న మామూలు రైఫిల్. త్రీ నాట్ ఎయిట్ విన్‌చెస్టర్ అనుకుందాం. అమెరికాలో జింకల వేటకు, టార్గెట్ షూటింగ్‌కు బాగా వాడే తూటా. ఒక చిన్న లెక్క చెబుతాను, పెన్సిలు అక్కర్లేదు. బుల్లెట్ వ్యాసం అంగుళంలో 308 వెయ్యో వంతులు. మంచి గొట్టంలో మెడ గోడ ఒక్కో వైపు సుమారు 15. రెండు వైపులా కలిపితే 338 అయింది. ఫ్యాక్టరీ చాంబర్‌లో ఆ చోటు సుమారు 344 ఉంటుంది. అంటే ఆరు వెయ్యో వంతుల ఖాళీ ముందే ఉంది. రెండు వెంట్రుకల ఖాళీ. కంపెనీవాళ్లు కావాలనే అలా వదిలారు. ఎవరు చేసిన తూటా అయినా, కాస్త దుమ్ము పట్టినా, చలిలోనైనా వానలోనైనా లోపలికి దిగాలి కదా మరి.

అంత వదులుగా ఉన్న చోట మెడను మీరు ఇంకా చెక్కితే ఏమవుతుంది? ఖాళీ ఇంకా పెరుగుతుంది. పేల్చినప్పుడు మెడ ఇంకా ఎక్కువ ఉబ్బాలి. మళ్లీ డైలో నొక్కినప్పుడు ఇంకా ఎక్కువ ముడుచుకోవాలి. ఉబ్బడం, ముడుచుకోవడం ఎక్కువైన కొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన మెడ నిలువునా చీలుతుంది. ఎక్కువ కాలం మన్నాల్సిన గొట్టాన్ని మన చేత్తో మనమే తొందరగా పాడుచేసుకున్నట్టు. డబ్బు పెట్టి, శ్రమపడి మరీ.

ఇంకో సంగతి. మీ తూటాలో బుల్లెట్ వంకరగా ఉందంటే మెడ గోడనే అనుమానించకండి. చాలాసార్లు దోషం డైది. మామూలు డైలో మధ్యన ఒక గుండ్రటి బుడిపె ఉంటుంది. మెడను లోపలి నుంచి వెడల్పు చేయడానికి దాన్ని పైకి లాగుతారు. లాగేటప్పుడు అది మెడనే పక్కకు ఈడ్చేస్తుంది. గోడ మందం అంతటా ఒక్కటే, మెడ మాత్రం వంకర. అప్పుడు ఎంత చెక్కినా వంకర పోదు. మందం సమానంగా ఉన్న వంకర మెడ మిగులుతుంది, అంతే. మెడ లోపల కాస్త లూబ్రికెంట్ రాసి చూడండి. లేదా ఆ బుడిపె తీసేసి, విడిగా మాండ్రెల్‌తో మెడ వెడల్పు చేసి చూడండి. చాలామంది కష్టం అక్కడే తీరిపోతుంది.

మరి చెక్కడం ఎవరికి తగిన పని? బిగువు చాంబర్ వాళ్ల సంగతి చెప్పాను. వాళ్లకు మారు మాట లేదు. ఇంకొకళ్లున్నారు. ఒక తూటా గొట్టాన్ని ఇంకో తూటాగా మార్చుకునేవాళ్లు. పాత జర్మన్ మౌజర్ రైఫిల్ ఒకటి చేతికొచ్చింది అనుకోండి, ఎనిమిది మిల్లీమీటర్లది. దానికి గొట్టాలు దొరక్కపోతే, అమెరికాలో సులువుగా దొరికే థర్టీ నాట్ సిక్స్ గొట్టాన్ని పొట్టిగా కోసి, డైలో నొక్కి తయారుచేసుకుంటారు. అప్పుడు కొత్త మెడగా మారేది ఒకప్పటి ఒళ్లు. కిందికి పోయిన కొద్దీ గోడ మందంగా ఉంటుంది కాబట్టి, ఈ కొత్త మెడ కూడా మందంగా వస్తుంది. అది మీ చాంబర్‌లో ఇరుక్కుంటే ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో చెబుతాను. పేలినప్పుడు మెడ ఉబ్బితేనే బుల్లెట్ వదులవుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే మెడ బుల్లెట్‌ను గట్టిగా పట్టుకునే ఉంటుంది. లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. తుపాకీ దెబ్బతింటుంది. చెంపకు ఆనించి కాల్చే వస్తువండీ అది.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. పేల్చిన గొట్టం తీసుకోండి. డైలో నొక్కకండి, అలాగే ఉంచండి. దాని మూతిలో కొత్త బుల్లెట్ పెట్టి వదలండి. తేలిగ్గా లోపలికి జారాలి. జారితే మెడ దగ్గర చోటు ఉన్నట్టే. జారకపోతే ఆగిపోండి. మూతి అంచు మడత పడిందేమో, గొట్టం పొడుగు ఎక్కువైందేమో, మెడ మందం ఎక్కువైందేమో చూసుకోండి. కారణం తేలేదాకా ఆ గొట్టాలతో ఇంకో తూటా కాల్చొద్దు. మళ్లీ చెబుతున్నాను. పేల్చిన గొట్టంలోకి బుల్లెట్ తేలిగ్గా జారాలి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి.

ఈ రెండు కోవల మధ్యన ఇంకొందరు ఉంటారు. ఆరు వందల గజాలు, వెయ్యి గజాల పోటీల్లో దిగేవాళ్లు. వాళ్లు మెడను పూర్తిగా చెక్కరు. పైపైన తాకిస్తారు. ఎత్తుగా ఉన్నచోట మాత్రమే కత్తి తగులుతుంది, మిగతాది ముట్టుకోకుండా పోతుంది. గోడ మరీ పల్చబడదు. ఇది మర్యాదైన పని. అన్ని మెట్లూ ఎక్కినవాళ్లకు చివరి మెట్టు. మీరు మొదటి మెట్టు మీదుండి చివరి మెట్టుకు కాలు చాపుతానంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటారా? గాలి. వేగంగా వీచే గాలి కూడా అక్కర్లేదు. గంటకు పది మైళ్ల గాలి, అంటే చెట్ల ఆకులు, చిన్న రెమ్మలు కదిలేంత. అది పక్కనుంచి తగిలితే, త్రీ నాట్ ఎయిట్ గుండు ఆరు వందల గజాల దూరం చేరేసరికి రెండడుగుల పైనే పక్కకు పోతుంది. మెడ చెక్కి మీరు సంపాదించేది ఏ మాత్రం? ఎంత ఉదారంగా లెక్కేసినా ఆ రెండడుగుల ముందు కంటికి ఆనదు. గాలి చదవడం నేర్చుకోవడానికి కత్తి, మాండ్రెల్ అక్కర్లేదు. తూటాలు కావాలి, ఓపిక కావాలి.

డబ్బు సంగతీ చూడాలి. చెక్కే పనిముట్టు, దానికి సరిపడే మాండ్రెల్, మెడ మందం కొలిచే మైక్రోమీటరు, అన్నీ కలిపితే వంద డాలర్లు ఎప్పుడో దాటిపోతాయి. అదే డబ్బుతో ముందు మంచి ఇత్తడి కొనండి. ఫిన్లండ్‌లో లాపువా అనే కంపెనీ ఉంది. వాళ్ల గొట్టాల మెడ గోడలు చాలావరకు సమానంగానే వస్తాయి. ఖరీదు ఎక్కువే. అయినా మీరు మూడు సాయంత్రాలు కూర్చుని చేసే పని వాళ్లు ముందే చేసి ఇచ్చారని అనుకోండి. కొనలేకపోతే మైక్రోమీటరు ఒక్కటి తెచ్చుకుని, ఉన్న గొట్టాలను కొలిచి వేరు చేయండి. మెడ సమానంగా ఉన్నవి పోటీకి, మిగతావి సాధనకు. చెక్కకుండానే పని జరిగిపోయింది.

నా మాట నమ్మక్కర్లేదు. మీరే పరీక్షించుకోండి. ఒకే పెట్టెలోంచి గొట్టాలు తీసి, సగం ఎవరైనా స్నేహితుడి దగ్గర చెక్కించండి. అదే మందు, అదే బుల్లెట్, అదే ప్రైమర్. నింపాక ఏవి చెక్కినవో ఏవి చెక్కనివో మీకు తెలియకుండా, మీ ఆవిడనో మీవారినో కలిపి ఇవ్వమనండి. అడుగున రంగు గుర్తు పెట్టి, ఆ రంగు అర్థం చీటీ మీద రాసి తమ దగ్గరే ఉంచుకోమనండి. ఒక్క ఐదు గుండ్లు కాల్చి తీర్పు చెప్పొద్దు. ఐదు గుండ్ల గుంపు ఒక్కోసారి అదృష్టం కొద్దీ బాగుంటుంది. కొన్ని వారాలు, చాలా గుంపులు కాల్చండి. ఆ తర్వాత చీటీ విప్పండి. తేడా కనిపిస్తే సంతోషం, పనిముట్టు కొనుక్కోండి. కనిపించకపోతే మీ డబ్బు మిగిలింది.

ఇంకొకటి ఒప్పుకోవాలి. కొందరికి ఈ పనిలోనే ఆనందం. ఆఫీసులో రోజంతా స్క్రీన్ చూసి వచ్చి, గ్యారేజీలో కూర్చుని, చేత్తో గొట్టం తిప్పుతూ, రజను రాలుతుంటే చూస్తూ మనసు తేలికపరుచుకుంటారు. కాదనడానికి నేనెవర్ని? గురి కోసం చేస్తున్నానని మాత్రం అనొద్దు, సరదాకు చేస్తున్నానని చెప్పండి. సరదా అనేదీ తక్కువ కారణమేం కాదు. ఒక్క జాగ్రత్త. భుజం దాకా వచ్చాక ఆగండి. కత్తి అక్కడ లోతుగా దిగితే ఆ గొట్టం మెడ ఊడిపోతుంది.

హైదరాబాద్‌లో రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడగవచ్చు, ఇదంతా మాకూ కావాలా అని. అక్కర్లేదు. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందే ఉండదు. యాభై మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ టూ టూ తూటాకు ప్రైమర్ మసాలా గొట్టం అంచులోనే ఉంటుంది. ఒకసారి కాలిస్తే ఆ అంచు నలిగిపోతుంది. మామూలుగా మళ్లీ నింపడం కుదరదు. పెద్ద షూటర్లు ఆ తూటాల్లో ఏ బ్యాచ్ తమ రైఫిల్‌కు బాగా నప్పుతుందో కాల్చి చూసి, అదే బ్యాచ్‌వి ఎక్కువగా కొనుక్కుంటారు. వాళ్ల తంటాలు వాళ్లవి.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట. పేల్చిన గొట్టాలకు సీసం అంటుకుని ఉంటుంది. అది ప్రైమర్‌లోంచి వస్తుంది. గొట్టాలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. వంటగది సింకులో గొట్టాలు కడగొద్దు. భోజనాల బల్ల మీద ఈ పని పెట్టుకోవద్దు. పసిపిల్లల మెదడుకు సీసం విషం.

చివరగా ఒక మనవి. అమెరికాలో ఉన్నవాళ్లు పండక్కి ఇండియా వస్తారు కదా. రేంజికి తీసుకెళ్లిన బ్యాగులోనే బట్టలు సర్దుకురాకండి. అందులో ఒక మూల ఒక్క తూటా మిగిలిపోయినా, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ కంట పడితే పోలీసు కేసు దాకా వెళ్తుంది. మరిచిపోయానంటే వాళ్లు ఊరుకోరు. ఖాళీ గొట్టాలు కూడా జ్ఞాపకంగా తేవద్దు. ఆ బ్యాగును అక్కడే వదిలేసి, ఇంకో బ్యాగుతో రండి.